పగలంతా ఖాళీగా ఉండే గది

ఇంగ్లండులో తాను ఇంకా అడుగైనా పెట్టని గదిని ఎవరో సగం రోజుకు అద్దెకిచ్చేశారన్న సంగతి సుభాషిణికి గురువారం ఉదయం పది దాటాక, సూరత్ పాండేసరలోని అద్దకం మిల్లు లాబ్‌లో, ముదురు నీలం గుడ్డ ముక్కను దీపం కింద పట్టి చూస్తుండగా తెలిసింది.

ఫోన్ తీసి చూసింది. రాత్రే వచ్చిన మెయిల్ ఒకటి ఉంది. యూనివర్సిటీ హాస్టల్ ఆఫీసు నుంచి.

లేఖ ఎంతో మర్యాదగా ఉంది. భయం వేసింది అందుకే. "మీకు ఉచితంగా కేటాయించిన 214వ నంబరు గదిని పగటిపూట వాడుకునే హక్కును మీరు మరొకరికి అద్దెకిచ్చినట్టు సూరత్ నుంచి మల్లేష్ అనే వ్యక్తి మాకు రాశారు. తన కూతురికి తాళంచెవి ఉదయం ఎన్నింటికి అందుతుందని అడిగారు. గదిని అద్దెకివ్వడం స్కాలర్‌షిప్ నిబంధనలకు విరుద్ధం. కేటాయింపు రద్దు చేశాం. మీ సంజాయిషీ శుక్రవారం సాయంత్రంలోగా పంపండి."

ఆమె మూడుసార్లు చదివింది. మల్లేష్ ఎవరో ఆమెకు తెలియదు.

గుడ్డ ముక్క చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, సూపర్‌వైజరుకు కడుపునొప్పి అని చెప్పి బయటికొచ్చింది.

ఇంగ్లండులో ఆమె చేరబోయేది మిల్లుల రంగునీళ్లను శుభ్రం చేసే చదువు. రెండేళ్లు ప్రయత్నిస్తే సీటొచ్చింది. ఫీజు మొత్తం మాఫీ, దానితో పాటు ఏడాదికి ఒక గది. టికెట్టు, వీసా, తిండి మాత్రం సొంతం. ఆ గదే లేకపోతే ఏడాది అద్దె తొమ్మిది లక్షలకు తక్కువ కాదు. ఆ తొమ్మిది లక్షలు బ్యాంకులో చూపిస్తే తప్ప వీసా రాదు. నవాగామ్‌లో వాళ్లుండే గల్లీ గల్లీ అంతా జేబులు దులిపినా తొమ్మిది లక్షలు రాలవు.

కానీ ఆమె దిగులు లక్షల గురించి కాదు, గది గురించి. ఆ గది ఫోటో ఆమె ఫోన్‌లో ఉంది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీలోంచి పాత మిల్లు పొగగొట్టం. అక్కడ కూడా మిల్లేనా అని మొదటిసారి చూసినప్పుడు నవ్వుకుంది. ఇరవై మూడేళ్ల జీవితంలో ఆమెకు తలుపున్న గది లేదు. వాళ్ల నాన్న రాజనర్సు సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లో ఇరవై ఏళ్లు మగ్గాల మీద పని చేశాడు. కుడిచేతి రెండు వేళ్లు మగ్గం తీసుకున్నాక, ఉన్న ఇంట్లోనే మెస్సు పెట్టాడు. ఊరి నుంచి వచ్చే మగ్గం పనివాళ్లకు తిండి, పడక. పరుపులు ఆరు, మనుషులు పన్నెండు మంది. పగలు పనికి పోయేవాళ్లు రాత్రి పడుకుంటారు, రాత్రి పనికి పోయేవాళ్లు పగలు పడుకుంటారు. ఒకడు లేచి వెళ్తుంటే ఇంకొకడు వచ్చి అదే వెచ్చదనంలోకి ఒరుగుతాడు. వంటింటి మూల, చీర తెర కట్టుకుని, ఆ పన్నెండు గురకల మధ్య సుభాషిణి ఎమ్మెస్సీ పూర్తి చేసింది.

ఇంగ్లండులోని ఆ గది గురించి తెలిసినవాళ్లు నలుగురే. తాను, అమ్మ, నాన్న, దరఖాస్తులు నింపిన ఏజెంటు దేవదాస్. అమ్మ కనకవ్వకు ఇంగ్లండు ఏ దిక్కున ఉందో తెలియదు. నాన్న ఆ కేటాయింపు కాగితాన్ని మార్కండేయుడి పటం వెనక పెట్టి రోజూ దండం పెట్టుకుంటున్నాడు.

ఇక మిగిలింది దేవదాస్.

* * *

ఉధ్నాలో మొబైల్ షాపు మీద మొదటి అంతస్తు అతని ఆఫీసు. గోడ నిండా విమానాలు. దేవదాస్ కాగితం పొట్లంలో శనగపిండి ఖమణ్ తింటూ కనిపించాడు.

"రా చెల్లె, రా! వీసా వచ్చిందా? ఉత్త చేతుల్తోనే వచ్చినవ్, పేడా ఏది?"

సుభాషిణి ఫోన్ అతని ముందు పెట్టింది. అతను చదివాడు. ఖమణ్ ముక్క నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఎంతకమ్మినవ్ అన్నా నా గది?"

"ఏయ్, జర ఆగు."

"నువ్వు తప్ప ఆ నంబరు ఎవరికీ తెలవదు."

దేవదాస్ చేతులు తుడుచుకున్నాడు. "చూడు చెల్లె. నేను దొంగనే, కాదంటలేను. ఫారానికి ఐదొందలైతే పదిహేనొందలు తీసుకుంట. గని ఇంగ్లండుల పరుపులమ్మేంత పెద్ద దొంగనైతే, గీ రేకుల కింద ఉడుకుతనా? ఏసీ ఉండదా నాకు?"

ఆ మాట నిజమే అనిపించింది. అతని నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

అతను కంప్యూటర్‌లో వెతికాడు. "మల్లేష్... మల్లేష్... ఆఁ, ఉన్నడు. అమ్రోలి. ఆయన బిడ్డ హారతి. నీ యూనివర్సిటీనే, వేరే కోర్సు. ఫీజుకు బ్యాంకు లోను ఇప్పిచ్చిన. హాస్టల్ దొరకలే. బయట గది కిరాయి ఎంతో చెప్తే, ఇగో, గీ కుర్చీల కూలబడ్డడు. 'కిరాయికా, కొనేటందుకా?' అనడిగిండు."

"నా నంబరు ఆయనకు నువ్వే చెప్పినవా?"

"నా తల్లి మీద ఒట్టు. గని ముందు గా ఆఫీసుకు ఫోన్ గొట్టు. ఒంటిగంటన్నరకు వాళ్లకు పొద్దున తొమ్మిదైతది. మెయిల్ రాస్తే మెయిలే వస్తది. నోటితో మాట్లాడు."

* * *

ఒంటిగంటా ముప్పై ఐదుకు ఆమె అమ్రోలి వంతెన మొదట్లో బస్సు దిగి, కమ్మీ పట్టుకుని నిలబడి ఫోన్ చేసింది. కింద తాపీ నది వానాకాలపు మట్టిరంగులో నిండుగా పోతోంది. మధ్యమధ్య లారీ పోయినప్పుడల్లా ఒక చెవి మూసుకోవాల్సి వచ్చింది.

అటువైపు స్త్రీ గొంతు మెత్తగా ఉంది. ఆమె ఓపికగా విన్నది. తర్వాత ఓపికగానే చెప్పింది. గది నిన్న సాయంత్రమే వరుసలో తర్వాతి విద్యార్థికి ఇచ్చేశారు. అది ఇక తిరిగి రాదు. కానీ ఈ పని సుభాషిణికి తెలియకుండా జరిగిందని రుజువైతే, ఫీజు మాఫీ మాత్రం వచ్చే ఏడు సెప్టెంబరుకు మార్చి ఉంచుతారు. గదికి మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడాలి. రుజువు కాకపోతే మాఫీ కూడా పోతుంది.

"రుజువంటే ఏం కావాలి?" అని అడిగింది సుభాషిణి.

"ఆ పని చేసిన వ్యక్తి తన సొంత మాటల్లో ఒప్పుకోవాలి. ఏ భాషలోనైనా సరే. గొంతు రికార్డు చేసి పంపినా సరిపోతుంది. అనువాదం జతచేయండి. రేపు సాయంత్రం లోపు."

ఫోన్ పెట్టేశాక ఆమె కాసేపు నదిని చూసింది. ఏడుపు రాలేదు. ఎండిపోయిన కోపం వచ్చింది. ఎవడో వాడు. దొరకాలి. కాలర్ పట్టుకుని, పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చోబెట్టి, ప్రతి అక్షరం వాడి నోటితో చెప్పించాలి. ఏ ఊరివాడైనా, ఎంత వయసువాడైనా, కాళ్లు పట్టుకున్నా వదలకూడదు.

ఆ మాట తనకు తానే చెప్పుకుని వంతెన దాటింది.

* * *

దేవదాస్ ఇచ్చిన అడ్రసుతో మల్లేష్ ఇల్లు తేలికగానే దొరికింది. పడుగు దారాలు చుట్టే వార్పింగ్ మిషను మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చి, అప్పుడే నిద్ర లేచిన మొహంతో తలుపు తీశాడు. యాభై ఏళ్ల మనిషి. బనీను మీద దూది పోగులు.

"నేను సుభాషిణిని," అంది ఆమె. "214 నంబరు గది నాది."

అతని మొహం వెలిగిపోయింది. "అయ్యో, నువ్వేనా బిడ్డా! రా, లోపటికి రా. మా హారతి బ్యాంకుకు వోయింది. నిన్ను చూడాలని ఒకటే గోల. చాయ్ తాగుతవా?"

"ఆఫీసుకు ఉత్తరం రాసింది నువ్వేనా కాకా?"

"నేను రాయలే, నాకేడొస్తది ఇంగ్లీషు! జిరాక్స్ షాపాయనతోని రాపిచ్చిన. ఇంత పైక ఇచ్చినప్పుడు పక్కా చేసుకోవద్దా? సూరత్‌ల రూము తీసుకుంటే సేఠ్‌ను అడుగుతమా లేదా, చావి ఎప్పుడిస్తవని? గట్లనే అడిగిన. మా పిల్ల ఆడ ముసలోళ్ల ఆశ్రమంల రాత్రి డ్యూటీ చేసి పగలు పండుకుంటది. నువ్వు పగలు కాలేజీల ఉంటవు, రాత్రి పండుకుంటవు. నీకు కష్టం లేదు, మాకు కష్టం లేదు." అతను ఆమె మొహం చూసి ఆగాడు. "ఏమైంది బిడ్డా? జవాబొచ్చిందా? ఎన్నింటికిస్తరంట చావి?"

ఆమెకు అప్పుడు అర్థమైంది, ఈ మనిషి దొంగ కాదని. నవాగామ్‌లో ఏ మెస్సుకు వెళ్లి అడిగినా ఇందులో తప్పేముందనే అంటారు. పరుపు పగలంతా ఖాళీగా ఉంటే తప్పు కానీ, ఇద్దరు వాడుకుంటే తప్పేంటి?

"ఎవరికిచ్చినవ్ కాకా పైసలు?"

మల్లేష్ తల దించుకున్నాడు. "పేరు చెప్పద్దని ఒట్టు వెట్టిచ్చుకుండు. ముఖ్యంగ నీకు."

"రసీదు ఇచ్చిండా?"

అతను ఆలోచించాడు. ఒట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు కనిపించాడు. "చెప్పద్దన్నడు గని, చూపెట్టద్దని అనలే," అని లేచి, దేవుడి గూట్లోంచి ఒక చిన్న ఇనుప రేకు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

డ్రాపిన్. మగ్గంలో ఒక్కో దారానికీ వేలాడే సన్నని రేకు. దారం తెగితే అది కిందపడుతుంది, మగ్గం టక్కున ఆగిపోతుంది. దీనికి పై కన్నంలో ఎర్రదారం కట్టి ఉంది. మధ్యలో మేకుతో పొడిచిన చుక్కలతో అంకె. ఏడు. చుక్కలు ఎడమకు ఒరిగి ఉన్నాయి, రెండు వేళ్లు లేని చేత్తో మేకు పట్టుకుంటే ఒరిగినట్టు.

ఇలాంటివి వాళ్లింట్లో తలుపు పక్క మేకులకు ఆరు వేలాడుతుంటాయి. ఒక్కో పరుపుకు ఒక్కోటి. పనికి పోయేవాడు తన డ్రాపిన్ మేకుకు తగిలిస్తాడు, పని నుంచి వచ్చినవాడు దాన్ని తీసుకుని ఆ పరుపు మీదికి పోతాడు. ఒకటి నుంచి ఆరు దాకా. ఏడో పరుపు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"చాయ్ అయినా తాగిపో బిడ్డా," అంటున్నాడు మల్లేష్.

* * *

నవాగామ్‌లో ఆరున్నర. షిఫ్టు మారే వేళ. రాత్రి పనివాళ్లు ఒక్కొక్కరే లేచి మొహాలు కడుక్కుంటున్నారు. కనకవ్వ పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తోంది. రాజనర్సు గడప దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, ఎడమ చేత్తో.

సుభాషిణి చెప్పులు విప్పకుండానే డ్రాపిన్‌ను ఉల్లిగడ్డల పళ్లెం పక్కన పెట్టింది.

రాజనర్సు చూశాడు. భయపడలేదు. సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "గా మల్లేషుగాని నోట్లె నువ్వు గింజ నానదు. నువ్వు విమానం ఎక్కే రోజు చెప్దామనుకున్న. చూస్కో కనకవ్వా, బిడ్డకు తెలిసిపోయింది!" అని లేచి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఒక సంచీ తీశాడు. అందులో గోధుమరంగు ఉన్ని కోటు, విమానం టికెట్టు కాగితం. "బాకీ చెయ్యలే. ఎవ్వని ముందట చెయ్యి చాపలే. నీ టికెటు నీ గదే తీసింది."

"బాపూ," అంది సుభాషిణి. కాలర్ పట్టుకోవాలనుకుంది మధ్యాహ్నం. ఎదురుగా ఉన్న మనిషి బనీనుకు కాలరే లేదు.

ఆమె మెయిల్ చదివి తెలుగులో చెప్పింది. రద్దు అన్న మాట దగ్గర కనకవ్వ రొట్టె తిప్పడం మరిచిపోయింది. మాడిన వాసన వచ్చింది.

"ఎందుకు రద్దు?" అన్నాడు రాజనర్సు. "పగలు నువ్వుండవు గద."

"ఉండను. అయినా ఇవ్వకూడదు. ఆ గది ఒక్కరికే."

"పగలు గూడనా?"

"పగలు కూడా బాపూ."

"ఎవ్వరు లేకున్నా?"

"ఎవరూ లేకపోయినా."

అతను గోడ వైపు చూశాడు. ఆ గోడవారనే ఆరు పరుపులున్నాయి. ఒకదాని మీద నుంచి లేచిన మనిషి దుప్పటి మడుస్తున్నాడు, గుమ్మంలో నిలబడిన ఇంకొకడు చెమట తుడుచుకుంటూ అది ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నాడు.

"గంత జాగ," అన్నాడు మెల్లగా, "ఉత్తగనే పడుంటదా?"

కనకవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను అప్పుడే అన్న, పిల్లనొక మాట అడుగయ్యా అని. విన్నవా? అంతా నీకే తెలుసు. ఇరవై ఏండ్లు మగ్గం నడిపిన, గది నడపరాదా అన్నవ్."

రాజనర్సు కోటును మళ్లీ సంచీలో పెట్టబోయాడు. కోటు చెయ్యి ఒకటి బయటే వేలాడింది. దాన్ని లోపలికి తోశాడు. మళ్లీ వేలాడింది.

"ఇప్పుడేం చెయ్యాలె బిడ్డా? పోలీసులకు చెప్పాల్నా? నడువు, వస్త. నేనే చేసిన అంట."

"పోలీసులొద్దు. నువ్వు చేసింది నీ నోటితో చెప్పాలె. నేను ఇంగ్లీషులో రాసి పంపుత. వాళ్లు వింటరు."

"చెప్తే గది ఇస్తరా?"

గది నిన్ననే వేరేవాళ్లకు పోయిందని ఆమె ఇంకా చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచింది. అతని మొహంలో ఆ ఒక్క ప్రశ్న తప్ప ఇంకేమీ లేదు. ఆమె ఫోన్‌లో ఎర్ర చుక్క నొక్కి, అతనికీ తనకూ మధ్య గడప మీద పెట్టింది.

"చెప్పు బాపూ."

రాజనర్సు లేచి చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కొచ్చి కూర్చున్నాడు. గుమ్మంలోని మనుషులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నమస్తే సార్లూ. నా పేరు రాజనర్సు. సుభాషిణి నా బిడ్డ. మీ గదిని కిరాయికిచ్చింది నేను. బిడ్డకు తెలవదు. కాగితం పటం ఎనుకకెళ్లి నేనే తీసిన, నంబరు నేనే మల్లేషుకు చెప్పిన, డ్రాపిన్ నేనే చేసి ఇచ్చిన. మల్లేషుది గూడ తప్పు లేదు. ఆయన కోట్లు అమ్మే అంగడిల నాకు కలిసి ఏడ్సిండు, బిడ్డకు ఆడ గది లేదని. నాకు టికెటుకు పైసలు తక్కువుండె. ఖాళీ జాగ ఉంది గద అనుకున్న. గిది మొదటి సంగతి.

"ఇంకోటి గూడ ఉంది సార్. గది ఎందుకిచ్చిన్నో మా ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. నాలుగేండ్ల కింద మా మెస్సుల సదానందం అని ఒకడుండె. మా ఊరోడే. మూడో నంబరు పరుపు. రాత్రి పండుకున్నడు, పొద్దుగాల లేవలే. రాత్రి పాళీ చేసినోడు వచ్చి, నా పరుపు ఇడువురా అని లేపితే తెలిసింది, పానం పోతున్నదని. దవాఖానకు తీస్కపోయినం. బతికిండు. ఇప్పుడు ఊర్లె ఉన్నడు, బీడీలు అమ్ముకుంటున్నడు. గా పరుపు ఆయనొక్కనిదే అయితే బతుకుతుండెనా? ఎవడొచ్చి లేపుతుండె?

"మా బిడ్డ ఫోన్ల మీ గది చూపెట్టింది. మంచిగున్నది. తలుపున్నది, దానికి తాళం ఉన్నది. గా తాళం చూసిన కాడికెళ్లి నాకు నిద్ర పడుతలేదు సార్. పిల్లకు జరమొస్తే? తలుపు ఎవరు తీస్తరు? అందుకని, పైసల కోసమే కాదు, పొద్దుగాల ఎవరన్న ఒకరు వచ్చి లే అని అనాలె అనుకున్న. హారతి వస్తది గద పరుపు కోసం, చూస్తది గద అనుకున్న. పిల్లకు చెప్తే వద్దంటదని చెప్పలే. దానికి ఒక్కదానికే గది గావాల్నని నాకెరికే. చిన్నప్పటికెళ్లి ఎరికే. ఎరికుండే ఇచ్చిన. గదే నా తప్పు.

"మల్లేషు పైసలు మల్లేషుకిస్త. కోటు వాపస్ తీసుకుంటరేమో అడుగుత. మా బిడ్డ మీద కోపం వెట్టుకోకుండ్రి. గా గది దానికియ్యిండ్రి, పగలు ఖాళీగనే ఉంచుతం, ఎవ్వలను రానియ్యం.

"గింత చాలా బిడ్డా, ఇంకేమన్న చెప్పాల్నా?"